బాధపడు కోడిపిల్ల యెడల మన విధి

కోళ్ళను పెంచు ప్రతి యింటను నేడు కాకున్న రేపైనను ఒక చిక్కు తప్పక యెదురగును. పొదిగిన పిల్లలలో నొకటి కాకి నోటబడి చీలికలై బయటపడును. లేదా గేదె గిట్ట క్రింద నలుగును. లేదా పుట్టుకతోనే నిలువలేనిదై నేలబడి కొట్టుకొనుచుండును. అది బ్రతుకునో బ్రతుకదో తెలియదు. దానిని చంపుటకు చేయి రాదు. చూచుచు నూరకుండుటకును మనసొప్పదు. ఇట్టి సమయమున నేమి చేయవలెనో ఎవ్వరును నోరు విప్పి చెప్పరు. కోళ్ళ పెంపకపు పాఠములలో మేతను గూర్చి యుండును, టీకాలను గూర్చి యుండును, లాభనష్టముల లెక్కయు నుండును. దీనిని గూర్చి మాత్రము ఒక్క మాటయు నరుదుగా కానవచ్చును. కావున ఈ మాసపు పాఠమున మేమీ విషయమునే యెత్తుకొంటిమి. సభ్యులు ఓపికతో చదువవలెనని కోరుచున్నాము.

మొదట మా తప్పులనే చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మా పెరటిలో నొక పెట్ట పండ్రెండు పిల్లలను పొదిగి లేచెను. నాలుగవ నాటి సందెవేళ పాడిగేదె పలుపు త్రెంచుకొని వచ్చి యొక పిల్లను త్రొక్కెను. దాని నడుము విరిగెను. కాళ్ళు రెండును చచ్చుపడెను. పొట్ట చీలి ప్రేగు బయటికి వచ్చెను. ఇంటిలో నెవరికిని దానిని చంపుటకు ధైర్యము చాలలేదు. “తెల్లవారులోపల అదే పోవునులే” యని గంప క్రింద బెట్టి, గుప్పెడు నూకలు చల్లి, నిద్రకు పోతిమి. అది దయ యనియే యనుకొంటిమి. తెల్లవారి గంప యెత్తి చూడగా పిల్ల చావలేదు. ఎర్రచీమలు దాని కన్నులను, పుండును పట్టియుండెను. అప్పటికిని అది నోరు తెరచుచు మూయుచు నుండెను. ఆ రాత్రి యంతయు దాని కట్టి బాధను కల్పించినది గేదె కాదు, మేమే.

రెండవ తప్పు దీనికి సరిగా ఎదురైనది. ఆ రాత్రి తలపు మనసున నాటుకొని యుండుటచేత, మరుసటి పొదుగుడులో కాళ్ళు చెరియొక ప్రక్కకు చాపుకొనిపోయిన పిల్ల నొకదానిని చూచి, “ఇది బ్రతుకదు, బాధ పెట్టనేల?” యని వెంటనే తీసివేయబోతిమి. పొరుగింటి ముసలమ్మ చూచి, “తొందరపడకండి నాయనా, నాలుగు దినములు నాకు విడిచిపెట్టండి” అని దానిని కొంగులో వేసికొని పోయెను. రెండు కాళ్ళకు నడుమ మెత్తని గుడ్డపేలిక కట్టి, నున్నని గచ్చుమీద గాక గోనెపట్టామీద నుంచెను. నాలుగవ నాటికి పిల్ల నడచెను. పెరిగి పెట్టయై గ్రుడ్లు పెట్టెను.

ఈ రెండును ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో పాఠము తేటపడును. చూచుచు నూరకుండుట దయ కాదు. చూడక తొందరపడుట వివేకము కాదు. బాగుపడదగిన పిల్లకు గడువిచ్చి కాపాడవలెను. బాగుపడజాలని పిల్లను జాగుచేయక ఒక్క క్షణములో బాధనుండి విడిపింపవలెను. ఏ పిల్ల యే కోవకు చెందునో తెలిసికొనుటయు, రెండవ కోవలోని దానికి చేయదగిన పనిని తడబాటు లేక చేయుటయు, ఇవియే యిందు చెప్పదలచినవి.

చచ్చినట్లు కనబడునవన్నియు చచ్చినవి కావు

తల్లి రెక్కల క్రిందినుండి తప్పిపోయి చలికి బిగుసుకొన్న పిల్ల కన్నులు మూసికొని, మెడ వాల్చి, అచ్చముగా చచ్చినదానివలె నుండును. అట్టి దానిని ముందుగా వెచ్చజేయవలెను. తరువాతనే తీర్పు చెప్పవలెను. అరచేతుల నడుమ బెట్టుకొనుడు. లేదా పొడిగుడ్డలో చుట్టి విద్యుద్దీపము క్రింద నుంచుడు. మొదటి వారమున పిల్లకు కావలసిన వేడిమి సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 35 డిగ్రీల సెంటిగ్రేడు. అటుపిమ్మట వారమునకు 5 డిగ్రీల ఫారన్‌హీటు చొప్పున తగ్గించుకొనుచు రావచ్చును. చల్లబడిన పిల్ల నోటిలో నీరు పోయరాదు. అది మ్రింగలేక ఊపిరితిత్తులలోనికి పోవును. వెచ్చబడి తల యెత్తిన పిమ్మట ముక్కును నీటిలో తాకించిన చాలును. గంట గడచునప్పటికి లేచి కిచకిచలాడిన పిల్లలను మేము పెక్కింటిని చూచితిమి.

అట్లే గ్రుడ్డు పగిలి ముక్కు కనబడిన తరువాత పిల్ల వెలుపలికి వచ్చుటకు ఒక దినము పట్టవచ్చును. ఆ జాగును చూచి పెంకు లాగినచో నెత్తురు కారి, మంచి పిల్ల చెడును. పుట్టిన పిల్ల రెండు మూడు దినములు మేత లేకయే పొట్టలోనున్న పచ్చసొనతో బ్రతుకగలదు. కావున మొదటి దినమున తినుట లేదని దిగులుపడ నక్కరలేదు.

బాగుపడదగినవి

ఒకటి: రెట్ట అంటుకొని ద్వారము మూసికొనిపోవుట. గోరువెచ్చని నీటితో తడిపిన గుడ్డ నద్ది, రెట్టను నానబెట్టి, మెల్లగా తీయవలెను. ఎండియున్నదానిని పెరుకరాదు, చర్మము ఊడివచ్చును. దాని దిగువ పొట్టమీద నుండు బొడ్డును రెట్టపొక్కుగా పొరబడి లాగరాదు. అయితే తెల్లని రెట్టతో పిల్లలు వరుసగా చచ్చుచున్నచో నది వేరు విషయము. అది తల్లి గ్రుడ్డునుండియే వచ్చు అంటురోగము కావచ్చును. అందు బ్రతికిన పిల్లలును పెద్దవై తమ గ్రుడ్ల ద్వారా ఆ రోగమును ముందుకు పంపును. అప్పుడు పశువైద్యుని పిలువవలెను.

రెండు: కాళ్ళు చాపుకొనిపోవుట. నున్నని నేల, కాగితము పరచిన పెట్టె దీనికి ముఖ్యకారణములు. ముసలమ్మ చేసిన వైద్యమే దీనికి వైద్యము. పిల్ల సహజముగా నిలుచునప్పుడు పాదముల నడుమ నెంత దూరముండునో అంత దూరముండునట్లు మెత్తని పేలికతో కట్టవలెను. బిగించి కట్టినచో పాదము ఉబ్బును. దినమున కొకమారు విప్పి చూచి మరల కట్టవలెను. పుట్టిన మొదటి దినములలో చేసినచో గుణము త్వరగా కనబడును; ఆలసించిన కొలది ఆశ తగ్గును.

మూడు: పాదము వ్రేళ్ళు లోపలికి ముడుచుకొనిపోవుట. మేతలో రైబోఫ్లేవిన్ అను బి విటమిను చాలనప్పుడు ఇట్లు కలుగును. తొలిదశలో పశువుల మందుల దుకాణమున దొరకు బి కాంప్లెక్సు మందును నీటిలో కలిపి యిచ్చినచో పిల్లలు కోలుకొనును. బహుదినములు ముదిరిన దానికి మందు పనిచేయదు.

నాలుగు: మెడ వెనుకకు విరుచుకొని ఆకాశమువంక చూచుట. థయమిన్ అను మరియొక బి విటమిను లోపము వలన నైనచో, ఆ విటమిను నిచ్చిన కొలది గంటలలోనే మార్పు తెలియును. కాని కొక్కెర తెగులు వలనను మెడ తిరుగును. దానికి మందు లేదు. టీకా మాత్రమే రక్ష. మందలో మరికొన్నింటికి గురక, పచ్చని రెట్ట, నీరసము కనబడినచో దానిని విటమిను లోపమని తలచి కాలము గడుపరాదు.

ఐదు: చిన్న గాయములు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడిగి, ఈగలు వ్రాలకుండ కాపాడి, తక్కిన పిల్లలనుండి వేరుగా నుంచవలెను. నెత్తురు చూచినచో తోటిపిల్లలే పొడిచి చంపును. చర్మము మాత్రము చిరిగి, పిల్ల తినుచు త్రాగుచు నున్నయెడల గాయము భయంకరముగా కనబడినను తరచుగా మానును.

బాగుపడజాలనివి

ఈ క్రింది వానిలో నొకటి కనబడినచో గడువిచ్చుట వ్యర్థము; ఇచ్చిన ప్రతి గంటయు బాధకు ఇచ్చిన గంటయే.

పొట్ట చీలి ప్రేగులు బయటపడిన పిల్ల. నడుము విరిగి, కాళ్ళు రెండును ఈడ్చుచు, వ్రేలు నొక్కినను కాలు వెనుకకు తీసికొనలేని పిల్ల. పుర్రె నలిగినది, లేదా పిల్లియో ముంగిసయో పట్టుటచే ముక్కు ఊడి తినుటకు దారి లేకపోయినది. వెచ్చజేసినను నోరు తెరచి ఎగరోజుచు ఊపిరికై పెనుగులాడుచున్నది. బొడ్డు మానక, పొట్ట ఉబ్బి, దుర్గంధము పుట్టి, నిలువలేక పడిపోయినది. పుండులో పురుగులు పడి లోపలికి తొలిచినది. వీనికి మన యిండ్లలో చేయదగిన వైద్యము లేదు. పశువైద్యుడు చేరువలో నున్నచో వెంటనే చూపవలెను. లేనిచో ఆ గంటలోనే కర్తవ్యము నిర్ణయింపవలెను.

సందేహము కలిగిన చోట

ఈ రెంటికి నడుమ నుండు పిల్లలే మనలను తికమకపెట్టును. ముక్కు వంకరయైనది, తోటివానికంటె గిడసబారినది, దెబ్బ తగిలి కుంటునది, కారణము తెలియకయే కన్నులు మూసి మూలుగునది. ఇట్టివానిని గూర్చి మేము అయిదు ప్రశ్నలు వేసికొందుము.

తనంత తాను త్రాగుచున్నదా, తినుచున్నదా? తన కాళ్ళమీద మేతవద్దకు పోగలుగుచున్నదా? ఊపిరి నిమ్మళముగా నున్నదా? తల్లి పిలిచినను, తోటిపిల్లలు అరచినను తల యెత్తుచున్నదా, లేక మూలకు జేరి రెక్కలు వ్రేలవేసి యుండునా? నిన్నటికంటె నేడు మేలుగా నున్నదా?

ఈ అయిదింటిలో చివరిది మిక్కిలి ముఖ్యము. మనసు మనలను మోసగించును, తూనిక మోసగింపదు. అంగడిలో దొరకు చిన్న తూనికయంత్రము మీద ప్రతి ఉదయము పిల్లను తూచి పుస్తకమున వ్రాసికొనుడు. మొదటి రెండు మూడు దినములు తూనిక కొంచెము తగ్గినను అది సహజమే. ఆ పిమ్మటను నాటికి నాడు తరుగుచుండుట మంచి గుర్తు కాదు. ముక్కు వంకరయైన పిల్ల మెత్తని ముద్ద తిని పెరుగుచున్నచో దానిని బ్రతుకనిండు. పెరిగిన కొలది వంకర హెచ్చి, మేత నోటికందక తూనిక తగ్గుచున్నచో, ఆకలిచే చచ్చువరకు కాచుకొనియుండుట న్యాయము కాదు.

గడువు ముందే పెట్టుకొనవలెను. త్రాగుట, తినుట మానిన పిల్లకు వెచ్చదనము నిచ్చి, నీరు చూపి, ఒక పగలు ఒక రాత్రి చూడవలెను. మరునాటికి మేలు కానరాకున్న చాలింపవలెను. తినుచు త్రాగుచు కాళ్ళు మాత్రము లేని పిల్లకు వారము దినములు చూడవచ్చును. గడువు ముందుగా పెట్టనియెడల “ఇంకొక దినము, ఇంకొక దినము” అనుచు పిల్ల బాధను మన పిరికితనమునకు వెలగా చెల్లింతుము. గడువు లోపల బాధ మితిమీరినచో గడువు తీరువరకు కూర్చుండ నక్కరలేదు.

వెలను గూర్చి యొక మాట. పిల్ల వెల స్వల్పమే. అంత స్వల్పమైన దానికి వైద్యమేల యని కొందరు, అంత స్వల్పమైన దానికి చింత యేల యని కొందరు అందురు. మేము చెప్పునది లాభనష్టముల లెక్క కాదు. వెల తక్కువైన ప్రాణికి నొప్పి తక్కువగా నుండదు.

చేయరానివి

గ్రామములలో వాడుకలోనున్న పెక్కు పద్ధతులు చూచుటకు సుళువైనవి, పిల్లకు మాత్రము క్రూరమైనవి. మనము చూడకుండుటకు తగినవి వేరు, పిల్లకు బాధ లేకుండుటకు తగినవి వేరు. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

నీట ముంచరాదు. ప్రాణముతో పూడ్చరాదు. సంచిలో గాని డబ్బాలో గాని మూసి ఊపిరాడకుండ చేయరాదు. గ్రుడ్డులోపల పెరుగు పిల్ల బొగ్గుపులుసు వాయువు హెచ్చుగా నుండు గాలికి అలవాటు పడియుండును. కావున పుట్టిన క్రొత్తలో నది ఊపిరాడకపోయినను పెద్దకోడికంటె ఎక్కువసేపు ప్రాణము నిలుపుకొనును. మన మనుకొన్నంత త్వరగా చావదు. మోటారుబండి పొగ పట్టించుట, శీతలపెట్టెలో నుంచుట, విషము పెట్టుట కూడదు. మెడను పట్టకారుతో నలుపుట, పిల్లను మెడబట్టి గిరగిర త్రిప్పుట కూడదు. కాకులకును కుక్కలకును విసరివేసి వెనుదిరిగి చూడక పోవుట అన్నింటికంటె నీచమైనది. ఏలయనగా, అందు చంపు భారమును మనము తప్పించుకొని, బాధను మాత్రము పిల్లకు మిగుల్చుచున్నాము.

చేయదగినది

అన్నింటికంటె మేలైనది పశువైద్యుని చేత చేయించుట. సంచార పశువైద్య శకటములకై 1962 అను దూరవాణి సంఖ్య కలదు. వైద్యుడు సూదిమందుతో నిద్రపుచ్చి ప్రాణము తీసిన పిల్ల దేహమున ఆ మందు నిలిచియుండును గావున దానిని కుక్కలు, పిల్లులు తినకుండ పూడ్చవలెను. వైద్యుడు దొరకని వేళ, బాధ ఆగని వేళ, ఇంటివారు చేయదగిన పద్ధతులు రెండు. రెండును క్షణములో తెలివి పోగొట్టుటకే యేర్పడినవి.

మొదటిది పదునైన ఆయుధముతో ఒక్కమారే తలను వేరుచేయుట. కొన్ని దినముల పిల్లకు దర్జీల పెద్ద కత్తెరవంటి బలమును పదునును గల కత్తెర చాలును. కొంచెము పెరిగిన దానికి బరువైన పదునైన కత్తి, క్రింద చెక్కమొద్దు కావలెను. పిల్లను మెత్తని గుడ్డలో చుట్టి, రెక్కలు కొట్టుకొనకుండ నిమ్మళముగా పట్టుకొనవలెను. మెడ తలతో కలియు చోట అలుగు నుంచి, తడబడక, ఒక్క ఊపున ముగింపవలెను. మొక్కవోయిన కత్తి, చిన్న కత్తెర పనికిరావు. రెండవ వ్రేటు కావలసివచ్చుట మన యజాగ్రత్తకు గుర్తు. అలుగు పదునును ముందుగా గుడ్డముక్కమీద పరీక్షించుకొనుడు. మీ వ్రేళ్ళు దూరముగా నున్నవో లేవో చూచుకొనుడు. చూచుటకు కఠినముగా దోచినను, నేర్పరి కానివానికి తప్పు తక్కువగా జరుగు పద్ధతి యిదియే.

రెండవది మెడ యెముకను పుర్రెనుండి విడదీయుట. ఒక చేతితో కాళ్ళను దేహమును కలిపి పట్టుకొని, రెండవ చేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ తల వెనుకభాగమును పట్టవలెను. తలను వెనుకకు వంచుచు, దేహమునుండి దూరముగా, గట్టిగా, వేగముగా ఒక్క లాగుడున లాగవలెను. ఎముక విడినచోట వ్రేళ్ళకు సందు తగులును. బలము హెచ్చై తల ఊడివచ్చినను పిల్లకు బాధ హెచ్చదు. బలము చాలకుండుటయే బాధకు కారణమగును. ఇది చదివి నేర్చుకొను పని కాదు. చేయనేర్చినవారి ప్రక్కన నిలిచి చూచి, మొదట తానుగా చచ్చిన పిల్లలమీద చేయి అలవాటు చేసికొనవలెను. నేర్వనివారు మొదటి పద్ధతినే పాటింపవలెను.

పని యైన తరువాత ఒకటి రెండు నిమిషములు రెక్కలు, కాళ్ళు కొట్టుకొనుట కలదు. అది నరముల చలనమే గాని తెలివితో పడు బాధ కాదు, భయపడరాదు. రెండవ పద్ధతిని అనుసరించినప్పుడు మాత్రము చావును తప్పక నిర్ధారించుకొనవలెను. ఊపిరి నిలిచినదా, రొమ్మున గుండె ఆడుట మానినదా, కంటిగ్రుడ్డును తాకినను రెప్ప కదలకున్నదా యని చూచి, అయిదు నిమిషములు కాచి, మరల చూడవలెను. సందేహమున్నచో వెంటనే మొదటి పద్ధతితో ముగింపవలెను. సందేహముతో పూడ్చరాదు.

ఈ పని స్థిరమైన చేయి గలవారొకరు చేయవలెను. కోపముతోను, మద్యపానము చేసియు చేయరాదు. మూక గుమిగూడి చూచు వేడుక కారాదు. చిన్నపిల్లలచేత చేయింపరాదు. పిల్లవాడు పెంచుకొన్న దైనచో వానికి “ఎగిరిపోయినది” అని అబద్ధము చెప్పనక్కరలేదు. అది మిక్కిలి బాధపడుచుండెననియు, బాగుచేయలేకపోతిమనియు, ఇక నొప్పి లేకుండ చేసితిమనియు చెప్పినచో పిల్లలు గ్రహింతురు.

చంపనొల్లనివారికి

మన సంఘములలో జీవహింస చేయరాదను నియమము గలవారు కలరు. గ్రుడ్లకై కోళ్ళను పెంచుచు కత్తి పట్టని యిల్లాండ్రును కలరు. వారి నియమమును మేము గౌరవింతుము. కాని చేత పట్టను అను నియమము, చూడక విడిచిపెట్టుదును అను అర్థము నీయదు. తాము చేయలేనివారు పశువైద్యుని యొద్దకో, చేయగల పొరుగువారి యొద్దకో ఆ గంటలోనే చేర్పవలెను. కోళ్ళను తెచ్చుకొన్న నాడే “అవసరమైనచో ఎవరిని పిలువవలెను?” అను ప్రశ్నకు సమాధానము సిద్ధపరచుకొనవలెను. ప్రాణమును పోషించుటకు పూనుకొన్నవాడు దాని కడగంటి బాధకును పూచీదారుడు.

చట్టమును గూడ తెలిసికొనుట మంచిది. రాజ్యసభ సభ్యురాలుగా శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు గారు 1953లో ప్రవేశపెట్టిన బిల్లు దారి చూపగా, 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసెను. ఆ చట్టమున జంతువనగా మనుష్యుడు దక్క తక్కిన ప్రాణి యేదియైనను అగును. కోడిపిల్లయు నందు చేరును. జంతువును తన వశమున నుంచుకొన్నవాడు దాని క్షేమమునకును, దానికి అనవసరమైన బాధ కలుగకుండుటకును తగిన యేర్పాట్లు చేయవలెనని దాని మూడవ సెక్షను విధించుచున్నది.

తరువాతి పనులు

చచ్చిన పిల్లను పెంటకుప్పమీద గాని, కాలువలో గాని వేయరాదు, కుక్కకు పెట్టరాదు. కుక్కలు తవ్వలేనంత లోతున, నీటిబావికి దూరముగా గోయి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను. చేతులను, కత్తిని, గుడ్డను సబ్బుతో కడిగి యెండబెట్టవలెను. ఆ తరువాతనే తక్కిన పిల్లలకు మేత వేయవలెను.

ఒక పిల్ల గాయముచే బాధపడుట వేరు, పలుపిల్లలు హఠాత్తుగా జబ్బుపడుట వేరు. రెండు మూడు దినములలో పెక్కు పిల్లలు గాని పెద్దకోళ్ళు గాని చచ్చుచున్నచో మీరే చంపి పూడ్చి ఊరకుండరాదు. వట్టిచేతులతో వానిని ముట్టరాదు, కోయరాదు, అమ్మరాదు, ఒక యూరినుండి మరియొక యూరికి పంపరాదు. వెంటనే పశుసంవర్ధక శాఖవారికి తెలుపవలెను. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి జిల్లాలలో పక్షిజ్వరము బయటపడిన సంగతి సభ్యులు మరచియుండరు. అట్టి రోగమున కోళ్ళను తీసివేయు పని ప్రభుత్వ సిబ్బందిది. అది మనుష్యులకును అంటుకొనజాలునది గావున రైతు తానుగా పూనుకొనరాదు.

కడపట, ఇట్లు పోయిన ప్రతి పిల్లను గూర్చియు పుస్తకమున మూడు ముక్కలు వ్రాసికొనుడు: తేది, వయస్సు, కారణము. మా పుస్తకమున అట్లు వ్రాసినవానిని సంవత్సరాంతమున తిరుగవేసి చూడగా, చాల పిల్లల చావునకు కారణము రోగము కాక మా యజాగ్రత్తయే యని తెలిసెను. గచ్చునేలమీద గోనె పరచనందున కాళ్ళు పోయినవి కొన్ని. పైన వల లేనందున కాకి పాలైనవి కొన్ని. గూటి తలుపు సందున ముంగిస దూరినందున పోయినవి కొన్ని. గోనె, వల, తలుపు చెక్క, వీని వ్యయము చాల తక్కువ. ఇవి అమర్చిన పిదప కత్తెర తీయవలసిన దినములు మాకు బహుస్వల్పమైనవి.

సంఘములు చేయదగిన పని యొకటి కలదు. ప్రతి గ్రామమున ఒక పురుషునికిని ఒక స్త్రీకిని పశువైద్యుని చేత ఈ పద్ధతులను నేర్పింపవచ్చును. వారి పేర్లు సంఘము గోడమీద వ్రాసియుంచినచో చేయిరాని యింటివారు అర్ధరాత్రమైనను వారిని పిలుచుకొందురు. ఒకరి చేతకానితనమునకు మరియొకరి నేర్పు తోడగుటయే గదా సహకారము!

మా పెరటిలో ఆ గంప ఇప్పటికిని ఉన్నది. దాని క్రింద ఇప్పుడు వెచ్చజేయవలసిన పిల్లలను, కాళ్ళు కట్టిన పిల్లలను ఉంచుచున్నాము. బ్రతుకునను ఆశ గల పిల్లకే ఆ గంప. ఆశ లేని పిల్లను దాని క్రింద మూసి నిద్రపోవుట మా యింట నాటితో ముగిసెను. మన సభ్యుల యిండ్లలోను అట్లే ముగియుగాక!